మూడిళ్ళ దేవుడు

మా ఇంటి దేవుడికి మొహం లేదు. ఒకప్పుడు ఉండేది. మేమే తోమేశాం.

ఈ మాట నేనన్నప్పుడల్లా మా ఆయన నొచ్చుకుంటారు. "అరిగిపోయిందను, తోమేశాం అంటావేంటి" అంటారు. తనంతట తను అరిగిపోవడానికి అదేమన్నా గడప చెక్కా? తెనాలిలో నేను, బాపట్లలో మా తోటికోడలు, మా ఇద్దరికీ ముందు మా అత్తగారు, చింతపండూ ఉప్పూ ఇటుకపొడీ పట్టుకుని కళ్ళూ ముక్కూ నోరూ వరసగా తోమేశాం. జరిగింది జరిగినట్టు చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

విగ్రహం జానెడు కూడా ఉండదు. పంచలోహం అంటారు గానీ అందులో లోహాలు ఐదో మూడో తేల్చినవాళ్ళు లేరు. నిలబడి ఉంటుంది. రెండు చేతులూ ముందుకి చాచి, మణికట్ల దగ్గరే ఆగిపోతాయి. మొహమేమో చంటిపిల్లాడు చప్పరించి వదిలేసిన బెల్లంముక్కలా ఉంటుంది. మా అత్తగారు చుండూరు పుట్టింటి నుంచి కాపరానికి వస్తూ ట్రంకు పెట్టెలో పట్టుచీర మడతల మధ్య తెచ్చుకున్నారట. అంతకు ముందు అది ఏ గుళ్ళో ఉండేదో, ఎవరి పొలంలో దొరికిందో ఆవిడకీ తెలియదు.

ఏ దేవుడండీ అని నేను కొత్తలో అడిగితే, "ముందు దణ్ణం పెట్టుకో, పేరు తర్వాత అడుగుదువు గాని" అన్నారు. పిల్లలు అడిగినప్పుడు మాత్రం ఆవిడ నోటికి ఏదొస్తే అది చెప్పినట్టున్నారు. పెద్ద కొడుకు, అంటే మా ఆయన, ఒక శుక్రవారం పూట అడిగితే లక్ష్మీదేవి అన్నారు. చిన్న కొడుక్కి బాపట్ల కాలేజీలో సీటొచ్చిన రోజు ఆ ఊరి గుళ్ళో ఉండే భావన్నారాయణ స్వామి అన్నారు. వీళ్ళిద్దరి అక్కగారు చిన్నప్పుడు అన్నం తినకుండా మారాం చేస్తుంటే, "అదిగో కృష్ణుడు, బుద్ధిగా వెన్నముద్ద ఎట్లా తిన్నాడో చూడు" అన్నారు. ముగ్గురూ ఎవరికి చెప్పింది వాళ్ళు గట్టిగా పట్టుకుని పెద్దవాళ్ళయిపోయారు.

పోయేముందు ఆవిడ ముగ్గుర్నీ పిలిచి రెండు మాటలు చెప్పారు. "ఏడాదికొకరింట్లో ఉంచుకోండి. తోమకుండా మాత్రం ఒకరికొకరు ఇవ్వకండి." మొదటి మాట మూడిళ్ళనీ కలిపి ఉంచింది. రెండో మాట దేవుడి మొహం తీసేసింది.

ఉగాది నాడు దేవుడు ఇల్లు మారాలి. తెనాలి నుంచి బాపట్ల, బాపట్ల నుంచి రేపల్లె, రేపల్లె నుంచి మళ్ళీ మా ఇంటికి. ప్రయాణం టిఫిన్ క్యారేజీలో. ఇదీ అత్తగారి పద్ధతే. సంచిలో పెడితే ఎక్కడో అక్కడ కింద పెట్టేస్తారు, చేత్తో పట్టుకుంటే నలుగురి కళ్ళూ పడతాయి, క్యారేజీ అయితే శుభ్రంగానూ ఉంటుంది, దొంగ కూడా దాని జోలికి రాడు అని ఆవిడ ఆలోచన. పై గిన్నెలో పట్టుగుడ్డ చుట్టిన దేవుడు, కింది గిన్నెలో పులిహోర. ఒకసారి రేపల్లె ప్యాసింజర్లో ఎదురు సీటాయన, "ఏం తెచ్చారండి, ఘుమఘుమలాడుతోంది" అని అడిగితే మా ఆయన కంగారులో, "దేవుడండి" అన్నారు. ఆయన చెప్పులు విడిచి, క్యారేజీని తాకి కళ్ళకద్దుకున్నాడు. తర్వాత దిగేదాకా మా క్యారేజీ వంకే చూస్తూ కూర్చున్నాడు. భక్తో ఆకలో నాకు తెలియలేదు.

ఇచ్చేవాళ్ళు తోమి ఇవ్వాలన్నారు కదా. ఇక పుచ్చుకునేవాళ్ళ పనేంటంటే, మూత తీసి వెలుతురులో పట్టుకుని చూడటం, ఎక్కడన్నా నలుపు కనిపిస్తే ఏమీ అనకుండా ఊరుకోవడం. ఆ ఊరుకోవడం తిట్టు కన్నా ఘాటుగా ఉంటుంది. ఒక ఉగాదికి మా తోటికోడలు ఊరుకోను కూడా ఊరుకోలేదు. "ఈసారి మీకు తీరిక చిక్కినట్టు లేదక్కయ్యా" అంది. నవ్వుతూనే అంది, పాపం. మళ్ళీ నా వంతు వచ్చినప్పుడు నేను పండగకి వారం ముందు నుంచే చింతపండు నానబెట్టాను. ముక్కు పోయింది ఆ ఏడాదేనని నా అనుమానం. పెదాలు మాత్రం బాపట్ల ఖాతాలోకే వస్తాయి, అవి నా మీద వేస్తే ఒప్పుకోను.

రేపల్లె నుంచి మాత్రం ఎప్పుడూ మసక మసకగానే వచ్చేది. అక్కడ ఉండేది మా ఆయన అక్కగారు, నాకు వదినగారు. స్కూల్లో కుట్లూ అల్లికలూ నేర్పే టీచరుగా చేసి రిటైరయ్యారు. పిల్లలు లేరు. వాళ్ళాయన పోయాక ఆ ఇంట్లో ఆవిడా, కుట్టుమిషనూ, మూడేళ్ళకోసారి కృష్ణుడూ. క్యారేజీ మూత తీసి నేను కనుబొమలు ముడేస్తే, "పసివాడి మొహం కదా అమ్మాయ్, ఎంతని రుద్దను" అనేవారు. వెన్న రాసి మెత్తటి గుడ్డతో తుడిచి పంపేసేవారు. నేను మాటకి మాట అనేదాన్ని కాదు. ఆవిడ చూస్తుండగానే గిన్నె తెచ్చి చింతపండు నానబెట్టేదాన్ని.

దేవుడొక్కడే గానీ మూడిళ్ళలో మూడు వైభవాలు. మా ఇంట్లో శుక్రవారం కుంకుమపూజ, శ్రావణమాసంలో వ్రతం, పట్టు రవికె గుడ్డ. బాపట్లలో తులసి దళాలు, మా మరిది శ్రావ్యత లేని గొంతుతో విష్ణు సహస్రనామం. రేపల్లెలో అసలు పూజ అన్న మాటే లేదు. పొద్దున లేపడం, నీళ్ళు పోయడం, వేలెడంత పంచె కట్టడం, "నాన్నా, చలేస్తోందా" అని అడగటం. చలికాలం ఒకసారి వెళ్తే ఊలు టోపీ ఉంది నెత్తిన. ఇదేంటండీ దేవుడికి అంటే, "మంచు పడుతోంది, నీకు కనపట్టల్లేదా" అన్నారు. ఆవిడ వంతు ఏడాది ఆవిడ ఫోనులో గొంతే వేరుగా ఉండేది. ఎక్కువసేపు మాట్లాడేవారు కాదు, పనుందమ్మాయ్ అని పెట్టేసేవారు. మిగతా రెండేళ్ళూ ఎంతసేపు మాట్లాడినా పెట్టేవారు కాదు.

ఇట్లా సాగిపోతున్న కథలో మా మరిది ఒక లెక్క పెట్టాడు. ఆయన లెక్కల లెక్చరరుగా చేసి రిటైరయ్యాడు. ప్రతి లెక్కకీ చివర సమాధానం ఉండాలి, దాని కింద రెండు గీతలు ఉండాలి ఆయనకి. ఆ ఏడాది దేవుడు రేపల్లెలో ఉన్నాడు. ఉగాది దగ్గరపడుతుంటే ఫోనులో మా కుటుంబం గ్రూపులో పెద్ద మెసేజి పెట్టాడు. విగ్రహం అరిగిపోతోంది, ఇక ఇళ్ళు తిప్పడం మానేద్దాం, పాత విగ్రహాల సంగతి తెలిసిన ఒకాయన నాకు పరిచయం, ఆయన చేత చూపించి ఏ దేవుడో తేల్చేద్దాం అని. లక్ష్మీదేవి అయితే అన్నయ్య ఇంట్లో, భావన్నారాయణుడైతే మా ఇంట్లో, కృష్ణుడైతే అక్కయ్య ఇంట్లో, ఇక శాశ్వతంగా.

అందరికన్నా ముందు చేతులు జోడించిన బొమ్మ పెట్టింది నేను. నాకంత నమ్మకం. తోటికోడలు రెండు బొమ్మలు పెట్టింది. వదినగారు మెసేజి చూసినట్టు తెలుస్తోంది గానీ ఏమీ రాయలేదు. సాయంత్రానికి "మీ ఇష్టం" అని వచ్చింది.

మర్నాడు ఆవిడే నాకు ఫోను చేశారు. "అమ్మాయ్, కృష్ణుడు కాదని తేలితే ఇక నా దగ్గరికి రాడా?"

"అట్లా ఎందుకనుకుంటారండీ. తెనాలి ఎంత దూరం, ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి చూసుకుందురు గాని" అన్నాను. దేవుడు అప్పటికే మా ఇంట్లో సెటిలైపోయినట్టు మాట్లాడాను.

"చూట్టానికేముందిలే" అన్నారావిడ. పనుందని కూడా అనకుండా ఫోను పెట్టేశారు.

ఉగాది రోజు అందరం తెనాలిలో మా ఇంట్లో కలిశాం. పొద్దుటి ప్యాసింజర్లో వదినగారు క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని వచ్చారు. మామూలుగా రాగానే మూత తీసి నా చేతికిచ్చేసేవారు. ఆ రోజు కుర్చీలో కూర్చుని క్యారేజీ ఒళ్ళోనే ఉంచుకున్నారు. నేను అలవాటు కొద్దీ వంటింట్లో చింతపండు నానబెట్టే ఉంచాను.

మరిది తీసుకొచ్చిన పెద్దమనిషి మ్యూజియంలో పని చేసి రిటైరైనాయన. లావుపాటి భూతద్దం, దానికి తగ్గ కంఠం. ఉగాది పచ్చడి తిని, వేపపువ్వు ఎక్కువైందని చెప్పి, ఇక చూపించండి అన్నారు. వదినగారు క్యారేజీ ఇచ్చారు. ఆయన పై గిన్నె ఎత్తి పక్కన పెట్టి, ముందు కింది గిన్నె అందుకున్నారు. పులిహోర వంక కాసేపు భూతద్దంలోంచి చూసి, "ఇది ఈ మధ్యదే" అన్నారు. మనిషి మంచివాడేనని నాకప్పుడే తెలిసింది.

తర్వాత పై గిన్నె మూత తీశారు. పట్టుగుడ్డ విప్పారు. అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, "దీన్ని తోమిందెవరమ్మా?" అని అడిగారు.

"నేనేనండి" అన్నాను ముందుకొచ్చి.

"నేనూ తోమానండి" అంది మా తోటికోడలు, ఎక్కడ వెనకబడిపోతుందోనని.

ఆయన కాసేపు కళ్ళు మూసుకున్నారు. మరిది గొంతు సవరించుకుని, "ఎంత పాతదంటారండీ?" అన్నాడు.

"పాతదేనండి. ఎంత పాతదో చెప్పాలంటే మొహం చూడాలి. మొహం మీ ఇంట్లో గిన్నెలతో పాటు కడిగేశారు."

నేనూ తోటికోడలూ ఒకరి వంక ఒకరం చూసుకోలేదు. ఆయన విగ్రహాన్ని వెనక్కి తిప్పి, ఒక చీపురుపుల్ల అడిగారు. కొత్త చీపురు నుంచి విరిచి ఇచ్చాను. వీపు మీద నల్లటి గీతలా ఏదో పట్టేసి ఉంటే దాన్ని మెల్లగా గీకడం మొదలుపెట్టారు. అది గట్టిపడిపోయిన చింతపండు గుజ్జు. మా అత్తగారి హయాందో నాదో ఎవరికి తెలుసు. అందరం ఆయన చుట్టూ మూగాం, మా ఆయన కూడా పేపరు పక్కన పెట్టి వచ్చారు. వదినగారు మాత్రం కుర్చీలోంచి లేవలేదు. గుజ్జు రాలేకొద్దీ కింద అల్లిక కనిపించింది. పాయ మీద పాయ, మెడ నుంచి నడుము దాకా.

"ఇది జడ" అన్నారాయన.

"చెప్పలేదూ, లక్ష్మీదేవి" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత గట్టిగా వచ్చిందంటే వంటింట్లో కుక్కరు కూత కూడా అంత గట్టిగా వేయదు. మరిది మొహం మాడిపోయింది. నేను గెలిచాను. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళ వంక ఒకసారి చూడటం లోకరీతి కదా, అట్లాగే వదినగారి వంక చూశాను. ఆవిడ పట్టుగుడ్డని ఒళ్ళో పెట్టుకుని మడతలు వేస్తున్నారు. వేసి, విప్పి, మళ్ళీ వేస్తున్నారు. నా సంతోషం అక్కడికక్కడే చప్పబడిపోయింది. ఆ చప్పబడిపోవడం నాకు నచ్చలేదు కూడాను, ఎన్నేళ్ళుగానో ఎదురు చూసిన గెలుపాయె.

"తొందరపడకండమ్మా" అన్నారు పెద్దాయన. "దేవతకైతే కిరీటం ఉండాలి. దీని తల చూడండి, ఉత్త పాపిడి. చేతులు రెండూ ఒకే ఎత్తులో ముందుకి చాచి ఉన్నాయి. వీటిలో ప్రమిద ఉండేది, ఎప్పుడో విరిగిపోయింది. దీపం పట్టుకున్న అమ్మాయి ఇది. గుళ్ళో దేవుడికి ఎదురుగా నిలబెట్టేవాళ్ళు. దీపలక్ష్మి అంటారు."

"లక్ష్మి అనే అన్నారు కదండీ" అన్నాను, పోతున్న ప్రాణాన్ని పట్టుకున్నట్టు.

"పేరులోనేనమ్మా. దేవుడు కాదు. దేవుడి ముందు దీపం పట్టుకుని నిలబడ్డ మనిషి."

మా ఆయన, "అంటే ఇన్నాళ్ళూ మనం..." అని ఆగిపోయారు. మిగతాది నేను లోపలే పూర్తి చేసుకున్నాను. పరీక్షలు గట్టెక్కించమనీ, సంబంధాలు కుదర్చమనీ, తుపాను ఇటు రాకుండా చూడమనీ మూడిళ్ళవాళ్ళం ఆ పిల్లని అడిగాం. ఆ పిల్లేమో తన కోరికేదో తను దేవుడికి చెప్పుకోవడానికి నిలబడింది, మధ్యలో మేం అడ్డంపడ్డాం. నాకు నవ్వాగలేదు. నన్ను చూసి తోటికోడలు నవ్వింది. మొహం లేకుండా చేసింది కూడా మేమే కదా, ఇద్దరం కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం.

మరిది నవ్వలేదు. ఆయన లెక్కలో ఉన్నవి మూడు సమాధానాలు, ఇది నాలుగోది. కాసేపు ఆలోచించి, "దేవుడు కాదని తేలాక దేవుడి గూట్లో ఉంచకూడదు. మ్యూజియానికి ఇచ్చేద్దాం. అదే పద్ధతి" అన్నాడు. పెద్దాయన అప్పటికి పులిహోర దగ్గరికి వచ్చారు. ఇవ్వొచ్చన్నట్టు తలూపారు.

అప్పుడు వదినగారు ఆ రోజుకి మొదటిసారి నోరు విప్పారు.

"ఒరే తమ్ముడూ, దేవుడు కాదు కదా?"

"కాదక్కయ్యా. విన్నావుగా."

"మనిషే కదా?"

"మనిషి బొమ్మే."

"అయితే నాకిచ్చెయ్యండి. దేవుడైతే అందరికీ కావాలి, వంతులేసుకోవాలి. మనిషికి వంతులేంట్రా? ఇంట్లో ఇంకో మనిషుంటే నాకు బాగుంటుంది."

పప్పులో కాస్త ఉప్పు వెయ్యమని అడిగినట్టు మామూలుగా అడిగారు. నేను అంత తేలిగ్గా కరిగే మనిషిని కాను, అయినా కరిగాను.

"నువ్వు కృష్ణుడనుకున్నావు కదక్కయ్యా. ఇదేమో ఆడపిల్లాయె" అన్నాడు మరిది.

"అయితే ఏంటి? పిల్లేగా."

ఆయన ఇబ్బందిగా కదిలాడు. "అది కాదు. ఎంతైనా మన ఇంటి వస్తువు. ఆడపడుచుతో బయటికి పంపేస్తే..."

నాకు కోపం రావడానికి ఎక్కువసేపు పట్టదు. "మీ అమ్మగారు దాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చారయ్యా? చుండూరు నుంచి. పుట్టింటి నుంచి ఆడపిల్లతో వచ్చింది, పుట్టింటి నుంచి ఆడపిల్లతో వెళ్తుంది. ఇందులో లెక్చరు ఇవ్వడానికి ఏముంది?" అన్నాను. మా ఆయన వెంటనే, "అదీ నిజమే" అన్నారు. మా ఆయన అంత చటుక్కున నా పక్షానికి రావడం చాలా అరుదు, అందుకని మరిది కూడా అదిరిపోయి ఒప్పేసుకున్నాడు. తోటికోడలు, "మా భావన్నారాయణుడు ఎటూ గుళ్ళో ఉన్నాడులెండి" అంది.

సాయంత్రం బండికి వదినగారు బయల్దేరారు. క్యారేజీ నేనే సర్దాను. పై గిన్నెలో పట్టుగుడ్డ చుట్టి పెట్టాను. తోమలేదు. అత్తగారి మాట మా ఇంట్లో తప్పడం అదే మొదలు. కింది గిన్నెలో పులిహోర పెట్టాక ఇంకా ఏదో తక్కువగా అనిపించింది. ఆ పిల్లకని పసుపూ కుంకుమా, ఒక రవికె గుడ్డా తెచ్చి క్యారేజీతో పాటు వదినగారి చేతిలో పెట్టాను. దేవుణ్ణి పంపినన్నాళ్ళూ అవి పెట్టాలని నాకు తోచలేదు. నానబెట్టిన చింతపండుతో రాత్రికి చారు పెట్టాను, బాగానే కుదిరింది.

మల్లెపూల రోజుల్లో ఒక మధ్యాహ్నం రేపల్లె వెళ్ళాను. స్టేషను దగ్గర పూలు కొని జడలో పెట్టుకుని బండెక్కాను. ఏదో పనుందని వెళ్ళాను గానీ నిజానికి చూడాలనిపించి వెళ్ళాను. ఆ పిల్ల దేవుడి గూట్లో లేదు. కిటికీలో, కుట్టుమిషను పక్కన ఉంది. ఆకుపచ్చ పరికిణీ కట్టుకుని, బయట రోడ్డు మీద వచ్చేపోయేవాళ్ళని చూస్తోంది. చూడటానికి కళ్ళు లేకపోయినా నిలబడ్డ తీరు అదే. ఒళ్ళంతా నల్లబడుతోంది. నా చెయ్యి దానంతటదే వంటింటి వైపు చింతపండు డబ్బా కోసం లాగింది.

"వద్దు" అన్నారు వదినగారు. నేను ఏమీ అనకముందే.

"ఇప్పుడేమని పిలుస్తున్నారు? నాన్నా అనేవారుగా" అని అడిగాను.

"ఏమే అంటున్నాను. ఇంకేమంటారు?" అన్నారు. పొద్దు వాలుతోంది. ఆవిడ ఉసిరికాయంత ప్రమిద తెచ్చి, నూనె పోసి, ఆ విరిగిన చేతుల ముందు పెట్టారు. వెలిగించే ముందు వంగి, "ఏమే, అత్తయ్య వచ్చింది చూడు" అన్నారు.

చుట్టరికాలు కలపడంలో నన్ను మించినవాళ్ళు మా వైపు లేరు. అయినా ఈ వరస నాకు తట్టనే లేదు. ఆవిడ కూతురంటే నాకు మేనకోడలే కదా. ఇన్నేళ్ళు లక్ష్మీదేవీ అని చేతులు కట్టుకుని నిలబడ్డాను, ఇప్పుడు అత్తయ్యనై ఉత్త చేతుల్తో నిలబడ్డాను. పిల్లలున్న ఇంటికి ఎవరన్నా ఉత్త చేతుల్తో వస్తారా? చాలా సిగ్గేసింది.

తలలో పెట్టుకున్న పూలు దేవుడికి పెట్టకూడదు. పెట్టడం దాకా ఎందుకు, పూజకి తెచ్చిన పూలు వాసన చూసిందని మా తోటికోడల్ని నేనొకసారి కడిగేశాను కూడా. నా జడలోంచి మల్లెపూల దండ తీశాను. నాలుగు పూలుండేలా తుంపి, ఆ పిల్ల మెడ వెనక, చీపురుపుల్లతో బయటపడిన జడలో దోపాను. కాస్త పెద్దవైనాయి గానీ నిలిచాయి.